విమానానికి పెట్టిన బొట్టు

మా అత్తకు నా ఉద్యోగం మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. తిరువళ్లూరు పక్కన మణవాళనగర్ నుంచి రెండు రైళ్లు మారి పోవాలని కాదు, చుట్టూ మగవాళ్లే అని కాదు, ఇంటికొచ్చేసరికి ఒంటినిండా నూనె వాసన అని కూడా కాదు. బోడి నుదురుతో పనికి పోతానని.

నేను విమానాలు బాగుచేస్తాను. ఈ మాట చెబితే బంధువుల్లో సగం మంది నమ్మరు, మిగతా సగం మంది టికెట్టు తక్కువకు ఇప్పిస్తావా అంటారు. అవి టికెట్టు కొని ఎక్కేవి కావు. ఏడెనిమిది మంది కూర్చునే చిన్న జెట్లు. వ్యాపారులు, సినిమావాళ్లు, ఎన్నికలొస్తే నాయకులు అద్దెకు తీసుకుని ఎక్కుతారు. మద్రాసు విమానాశ్రయంలో జనం కంటబడని ఒక మూల వాటికో పెద్ద షెడ్డు ఉంది, దాన్ని హ్యాంగర్ అంటాం. ఇంజన్లు, చక్రాలు వేరేవాళ్ల పని. నాది ఆటోపైలట్, ఎత్తు చూపే మీటర్లు, వాటి వెనక పాకే వైర్లు, గొట్టాలు. పని ముగిశాక "ఇది ఎగరొచ్చు" అని సంతకం పెట్టి స్టాంపు గుద్దాలి. నా నంబరున్న ఆ స్టాంపు పడందే నా చేతిలో పడ్డ విమానం షెడ్డు దాటదు. అక్కడ ఒక ఆడమనిషి చేతికి స్టాంపు రావడం నాతోనే మొదలు. దానికోసం పరీక్షల మీద పరీక్షలు రాశాను, రైల్లో నిలబడి చదివాను, పెళ్లిచూపుల రోజు కూడా చీర కొంగు కింద పుస్తకం పెట్టుకున్నాను. స్టాంపు చిన్నదే, అగ్గిపెట్టెంత. నాకు మాత్రం అది ప్రాణం.

ఇక నుదురు సంగతి. హ్యాంగర్‌లో రాలిపడే వస్తువేదీ ఒంటి మీద ఉండకూడదు. గాజులు, పిన్నీసులు, జడపిన్నులు, స్టిక్కర్ బొట్టు, అన్నీ గుమ్మం దగ్గరే తీసేయాలి. ఏ చిన్న ముక్క ఏ సందులో పడుతుందో, ఏ మరలో ఇరుక్కుంటుందో ఎవరికి తెలుసు. మా పెద్ద ఇంజనీరుకు ఈ రూలంటే మహా పట్టింపు. చేరిన మొదటి రోజే నా నుదుటి వైపు వేలు చూపించాడు. అప్పటినుంచి పొద్దున బొట్టు తీసి లాకరు తలుపు లోపలి వైపు అంటిస్తాను. సాయంత్రం దాన్నే మళ్లీ పెట్టుకుందామంటే జిగురు పోయి ఉంటుంది. అలా ఆ తలుపు నిండా నా బొట్లే. ఇంటికి మాత్రం బోడి నుదురుతోనే వస్తాను.

మా అత్తది అత్తిమంజేరిపేట. అక్కడ ఆవుకు, నాగలికి, బావి మోటారుకు బొట్టు పెట్టి పెరిగిన చెయ్యి ఆమెది. మణవాళనగర్ వచ్చాక ఆ చెయ్యి ఊరుకుంటుందా? శుక్రవారం వస్తే గ్రైండరుకు, గ్యాస్ పొయ్యికి, ఫ్రిజ్జుకు, మా ఆయన బండికి బొట్టు పడాల్సిందే. ఒకసారి కొత్త సెల్‌ఫోనుకు సరిగ్గా కెమెరా మీద పెట్టింది. నెల రోజులు మా ఫొటోలన్నీ సాయంకాలపు ఎండలో తీసినట్టు వచ్చాయి.

"ఈ ఇంట్లో గ్రైండరుకు కూడా బొట్టుండాది. అది లేకుండా గడప దాటేది నువ్వొక్కదానివే మే" అంటుంది. రూలు గురించి చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. ఆ రూలు రాసినవాడికి తల్లి లేదా అని అడుగుతుంది.

మా హ్యాంగర్‌లోకి బయటివాళ్లను రానివ్వరు. ఏడాదికొక్క రోజు మాత్రం, ఆయుధపూజ నాడు, పనివాళ్ల కుటుంబాలు రావచ్చు. ఆ రోజు నేల కడుగుతాం, నిచ్చెనలకు అరటి మొక్కలు కడతాం, గుమ్మడికాయ కొడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి విమానాన్ని అంగుళం ముందుకు తోస్తాం. కోట్ల విలువ చేసే జెట్టు నిమ్మకాయ తొక్కుతుంటే చూడాలి, ముచ్చటగా ఉంటుంది. అలా ఒక ఏడు మా అత్తను తీసుకుపోయాను.

అత్త ఊరికే రాలేదు. తిరుత్తణిలో కొన్న చందనం చెక్కను రెండు రోజుల ముందునుంచే సాన మీద అరగదీసి, ముద్ద చేసి డబ్బాలో తెచ్చింది, పైన అద్దడానికి కుంకుమ కూడా. అంగట్లో అమ్మే చందనం పొడి ఆమెకు చందనమే కాదు. షెడ్డులోకి అడుగు పెట్టగానే తెల్లగా మెరిసే జెట్టును చూసి నోరు తెరిచి నిలబడిపోయింది. దాని కాగితాల మీద నేను స్టాంపు గుద్దితేనే కదులుతుందని ఎవరో చెబితే నా వైపు తిరిగి ఒక చూపు చూసింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ చూపు నేను ఎరగను.

వచ్చినవాళ్లలో పెద్దామె తానే కాబట్టి విమానానికి బొట్టు పెట్టే పని ఆమెకే ఇచ్చారు. మా పెద్ద ఇంజనీరు తమిళాయన, మామూలుగా నవ్వితే పళ్లు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఆ రోజు పట్టుపంచె కట్టుకుని, మా అత్త వెనకాలే పళ్లెం పట్టుకుని విమానం చుట్టూ తిరిగాడు. నేను అటు మూల బొరుగులు, సుండలు అనే శనగ గుగ్గిళ్లు పొట్లాలు కట్టించే పనిలో ఉన్నాను. అత్త ఎక్కడెక్కడ పెడుతోందో చూడలేదు. ముక్కు మీద, తలుపు మీద, చక్రాల మీద పెట్టినవి తర్వాత చూశాను. సాయంత్రం అవన్నీ మావాళ్లు తడిగుడ్డతో తుడిచేశారు. అంతటితో పండగ అయిపోయిందనుకున్నాం.

ఆ వారంలోనే మొదలైంది.

ఆ జెట్టు నడిపే కెప్టెన్ దిగీ దిగగానే నా దగ్గరికి వచ్చి, నీ ఆటోపైలట్ తాగి ఉంది అన్నాడు. ముప్పై ఏడు వేల అడుగుల దగ్గర నిలబెట్టమని మీట నొక్కితే కాసేపు నిలబడుతుందట. తర్వాత మెల్లగా దిగుతుందట. దిగానని ఆలస్యంగా గుర్తొచ్చి పైకి లేస్తుందట, లేచి ఆగాల్సిన చోటు దాటిపోతుందట. మూడు వందల అడుగులు కిందికి, మూడు వందలు పైకి. కింద గదిలో కూర్చుని విమానాలను చూసుకునేవాళ్లు రేడియోలో ఆయనకు తలంటారు. ఇందులో నవ్వులాట ఏమీ లేదు. అంత ఎత్తులో విమానాలు ఒకదాని మీదొకటి వెయ్యి అడుగుల తేడాతో దాటుకుంటాయి. పైవాడు ఒక మూడు వందలు దిగి, కిందివాడు ఒక మూడు వందలు లేస్తే మిగిలే ఖాళీ ఎంతో చిన్నపిల్లలైనా చెబుతారు.

సరే సార్ చూస్తాను అన్నాను మర్యాదగా. లోపల మాత్రం ఆడలేక మద్దెల ఓడన్నాడట అనుకున్నాను.

ఆటోపైలట్‌కు కళ్లుండవు. దానికి ఎత్తు ఎలా తెలుస్తుందంటే, విమానం ముక్కుకు రెండు పక్కలా బిళ్లంత చోటులో సూదిబెజ్జాల్లాంటి రంధ్రాలుంటాయి. చుట్టూ ఎర్ర వలయం గీసి, ఈ వలయాన్ని శుభ్రంగా ఉంచాలి, ఏదీ అంటించరాదు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కదా, ఆ రంధ్రాల గుండా వచ్చే గాలి ఎంత పలచగా ఉందో చూసి మీటరు ఎత్తు చెబుతుంది. మీటరు మాట విని ఆటోపైలట్ నడుస్తుంది. మీటరు ఆలస్యంగా చెబితే అదీ ఆలస్యంగానే నడుస్తుంది.

నేను పరీక్ష పెట్టాను. కుడి పక్క రంధ్రాలకు మా యంత్రం గొట్టం తగిలించి, ఎడమ పక్క వాటిని టేపుతో మూసి, గాలి లాగాలి. అదే పద్ధతి. విమానం నేల మీదే నిలబడి ముప్పై ఏడు వేల అడుగులకు ఎక్కానని భ్రమపడుతుంది. మీటర్లు ఒక్క అడుగు తేడా లేకుండా చూపించాయి. రంధ్రాల మీద టార్చి వేసి కూడా చూశాను, పైన అద్దంలా మెరుస్తున్నాయి. అయినా ఎందుకైనా మంచిదని ఆటోపైలట్ పెట్టె మార్చి, స్టాంపు గుద్ది పంపాను. నేల మీద అది బంగారం.

రెండో రోజు కెప్టెన్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిని గాల్లో పైకీ కిందికీ పాములా ఆడించి చూపించి వెళ్లిపోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పెద్ద ఇంజనీరు గదిలోకి పిలిచాడు. కూర్చోమనలేదు. ఒకే విమానం, ఒకే ఫిర్యాదు రెండుసార్లు, మధ్యలో నా స్టాంపు. మూడోసారి కూడా ఇదే మాటతో తిరిగొస్తే స్టాంపు ఈ బల్ల మీద పెట్టేసి స్టోర్స్‌లో కూర్చుని బోల్టులు లెక్కపెట్టుకో అన్నాడు. మొదటే అనుకున్నాను అని కూడా అన్నాడు. మొదట ఏమనుకున్నాడో విడమరచలేదు. చెప్పక్కర్లేదు, ఆ షెడ్డులో అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో అన్నం కలిపి వదిలేశాను. మా ఆయన ఆవడిలో యుద్ధ ట్యాంకుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఓదార్పు అనుకుని, మేం చేసేవన్నీ నేల మీద పాకేవే, మాకు ఈ ఎత్తుల గోలే లేదు అన్నాడు. ఆ ఓదార్పుకు నేను చూసిన చూపుతో పెరుగన్నం కంచం పట్టుకుని బయట అరుగు మీదికి పోయి తిన్నాడు.

అత్త మాత్రం వదల్లేదు. ఏమైందో చెప్పు అని పట్టుబట్టింది. చెప్పాను. విమానం చెప్పిన ఎత్తులో నిలబడటం లేదు, ఎందుకో ఎవరికీ తెలియదు, తెలియకపోతే నా స్టాంపు పోతుంది. అంతా విని, లేచి, తిరుత్తణి కొండ మీది స్వామి వైపు తిరిగి చేతులు జోడించింది.

"సామీ, ఆ ఏరోప్లేను సరిగ్గా పోయేట్టు చెయ్యి. నేనూ నా కోడలూ నీ మెట్లన్నిటికీ పసుపు కుంకుమ పెట్టుకుంటా ఎక్కి వస్తాము."

తన మోకాళ్లతో ఆగకుండా నా మోకాళ్లను కూడా మొక్కేసింది. అడిగితే, స్టాంపు ఎవరిది, నాదా నీదా అంది.

ఇక నేల మీద చూసి లాభం లేదని, నేను కూడా ఎక్కుతాను, గాల్లో చూస్తాను అని పెద్ద ఇంజనీరును అడిగాను. ఒప్పుకున్నాడు. ప్రయాణికులు లేకుండా కెప్టెన్, ఆయన పక్క పైలట్, వెనక మడత కుర్చీలో నేను. పడమటికి పోయాం. కాసేపటికి కింద తిరుత్తణి కొండ ఇంత ముద్దలా కనబడింది. ఎత్తు పెట్టి, ఆటోపైలట్ మీట నొక్కి, కెప్టెన్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఇక నీ ఇష్టం అన్నట్టు నా వైపు చూశాడు.

మొదట అంతా బాగుంది. తర్వాత నా కాళ్ల దగ్గర నీళ్ల సీసా ముందుకు దొర్లింది. మెల్లగా వెనక్కి వచ్చింది. మళ్లీ ముందుకు పోయింది. నా కడుపులోని ఇడ్లీలు కూడా దాని వెంటే పోయి వచ్చాయి. మద్దెల నిజంగానే ఓడు, పాపం కెప్టెన్ అనుకున్నాను. ఆయనకు లోపలే దండం పెట్టి, మీటర్ల వైపు చూస్తూ కూర్చున్నాను. కెప్టెన్ ముందొకటి, పక్క పైలట్ ముందొకటి, రెండు మీటర్లు. రెండూ ఒకే మాట చెప్పాలి. విమానం దిగేటప్పుడు కుడిది వెంటనే చెబుతోంది. ఎడమది ఆగి ఆగి చెబుతోంది. ఆటోపైలట్ వినేది ఎడమదాని మాట.

దిగాక, ఎడమ మీటరుకు గాలి లెక్క కట్టి ఇచ్చే పెట్టె పాడైందని తేల్చాను. కొత్త పెట్టె విదేశం నుంచి రావాలి. తెప్పించు, అదీ కాకపోతే నేను చెప్పింది గుర్తుందిగా అన్నాడు పెద్ద ఇంజనీరు. గుర్తుండక చస్తుందా?

ఆ సాయంత్రం అత్త అరుగు మీద మునగాకు దూస్తోంది. నేనూ పక్కన కూర్చుని దూస్తున్నాను. నా మొహం చూసి, మాట మళ్లించడానికో ఏమో, అడిగింది.

"నేను పెట్టిన బొట్టు ఇంకా ఉండాదా మే, తుడిచేసినారా?"

ముక్కు మీదిది, తలుపు మీదిది, చక్రాల మీదివి అన్నీ ఆ రోజే తుడిచేశారని చెప్పాను.

"అవి పోతే పోనీలే. ఎడం పక్క ఎర్ర సున్నాలో పెట్టినాను చూడు, అది యాడికీ పోదు. బొట్టుకని వాళ్లే రౌండుగా గీసి పెట్టినారు గదా. నున్నగా ఉండాది, జారిపోతా ఉండింది. బొటనవేలితో బాగా అదిమినాను. బొక్కల్లోకి దిగితే పట్టుకుంటాదని."

నా చేతిలో మునగ రెమ్మ అలాగే ఉండిపోయింది. కుడి పక్క కూడా పెట్టావా అత్తా అని అడిగాను, వీలైనంత మామూలుగా.

"కుడి పక్క యాడ పెట్టనిచ్చినారు? ఆడ నిచ్చెనకు అరిటి చెట్టు కట్టేసి ఉండింది. పెద్దాయన గూడా అడ్డం జరపలేదు. పళ్లెం పట్టుకోని, ఈడ బాగా పెట్టండమ్మా అన్నాడు ఎడం పక్కనే."

పళ్లెం పట్టుకుని. బాగా పెట్టండమ్మా. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. విదేశం నుంచి పెట్టె తెప్పిస్తున్నాను, జబ్బు తెచ్చిన చెయ్యి నా పక్కనే కూర్చుని మునగాకు దూస్తోంది. మా పరీక్ష దాన్ని ఎందుకు పట్టలేదో కూడా అప్పుడే వెలిగింది. పరీక్ష కోసం ఎడమ రంధ్రాలను మేమే టేపుతో మూసి, లోపల రెండు పక్కలనూ కలిపే సన్నని గొట్టం గుండా ఎడమ మీటరుకు కూడా కుడి పక్క గాలినే మెల్లగా అందిస్తాం. మూసింది టేపో చందనమో యంత్రానికేం తెలుసు? అయినా కళ్లతో చూడందే అత్తను ఒక్క మాట అనకూడదని నోరు కట్టేసుకున్నాను. నా నోటికి అది చిన్న కష్టం కాదు.

మర్నాడు పొద్దున మొదటి రైలుకే పోయాను. ఆ రంధ్రాల్లో సూది పెట్టి పొడవకూడదు, చిన్న గీత పడ్డా చెడిపోతాయి. లోపలి గొట్టం విప్పి, లోపలినుంచి బయటికి మెల్లగా గాలి కొట్టాను. కింద తెల్లకాగితం పట్టుకున్నాను. టప్పున ఒకటి రాలింది. తర్వాత ఇంకొకటి. ఆవగింజంత పుల్లలు, ఒక కొస పసుపు, ఒక కొస ఎరుపు. మంచు పట్టకుండా ఆ రంధ్రాలను వేడి చేసే ఏర్పాటుంటుంది. ఆ వేడికి చందనం కాలి ఇటుకలా బిగిసిపోయింది. పైపైన తుడిస్తే మెరవక ఏం చేస్తుంది? కాగితం ముక్కు దగ్గర పెట్టుకుంటే మా ఇంటి దేవుడి గూటి వాసన. విమానం ముక్కు కింద నేల మీద కూర్చుని నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. రెండూ కలిసి వెక్కిళ్లు పట్టుకున్నాయి.

పెద్ద ఇంజనీరు వచ్చి ఏమిటది అన్నాడు. కాగితం చాపాను. వాసన చూశాడు. చందనం అనగానే చెయ్యి దానంతట అదే పోయింది. ఒక పలుకు వేలికొసకు అంటించుకుని, కళ్లు మూసి, భక్తిగా నుదుటికి పెట్టుకున్నాడు. కళ్లు తెరిచాక కాగితం వైపు, ఎర్ర వలయం వైపు, నా చేతిలో విప్పిన గొట్టం వైపు చూశాడు. ఆయన మొహం రంగు మారడం నేను తీరిగ్గా చూశాను. ఎందుకు అబద్ధం, ఆనందంగానే చూశాను.

ఎవరు పెట్టారు అని అడిగాడు.

"పెట్టింది మా అత్త. పళ్లెం పట్టింది మీరు, సార్."

ఆయన వలయం చుట్టూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదివాడు. మా అత్తకు ఇంగ్లీషు రాదు. ఆయనకు వచ్చు. నా స్టిక్కర్ బొట్లన్నీ లాకరులోనే భద్రంగా ఉన్నాయి సార్, లెక్క చూసుకోవచ్చు అన్నాను. అనకుండా ఉండాల్సింది కానీ, అప్పటికి వారం నుంచి నోరు కట్టుకుని ఉన్నాను.

ఆయన్ను మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. కారణం రాసే చోట బయటి పదార్థం అని రాద్దామా అని ఒక్క క్షణం తటపటాయించాడు. తిరుత్తణి మనకు బయట ఎప్పుడైంది సార్ అన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వాడు, పళ్లేమీ రాలలేదు. పూజ చందనం అని తన చేత్తోనే రాసి, పూజ దగ్గరుండి జరిపించింది తానేనని కింద సంతకం పెట్టాడు. నేను స్టాంపు గుద్దాను. ఆ మధ్యాహ్నం మళ్లీ ఎక్కాం. నీళ్ల సీసా పెట్టిన చోటే నిలబడింది. కెప్టెన్ వెనక్కి తిరిగి, మందు మానేసింది అన్నాడు.

స్టాంపు నిలిచింది. ఇక మిగిలింది అత్త. తిరువళ్లూరు దాకా రైల్లో నిలబడి తిట్లు వరసగా పేర్చుకున్నాను. ఇంగ్లీషు రాకపోయినా కళ్లుండాలి కదా అని మొదలుపెట్టాలి. సెల్‌ఫోను కెమెరా నుంచి ఎత్తుకోవాలి. గ్రైండరు బొట్టు దాకా రావాలి. ఆవడి దగ్గర ఒకటి గట్టిది తట్టింది, దాన్ని చివరికి దాచుకున్నాను.

ఇంట్లో అడుగు పెట్టగానే అత్త, దొరికిందా అంది. దొరికిందన్నాను. ఏం దొరికిందో చెప్పాను, ఆ రంధ్రాలు ఎందుకుంటాయో, అవి మూసుకుంటే ఏమవుతుందో అంతా చెప్పాను. నేను పేర్చుకున్న తిట్లలో మొదటిది నోటి దాకా వచ్చింది. అత్త తన కుడి చేతి బొటనవేలి వైపు చూసుకుంటోంది.

"దాంట్లో మనుషులుండారు గదా మే" అంది. "బిడ్డలు గల్లోళ్లు ఉంటారు గదా."

నా తిట్లన్నీ ఎటు పోయాయో పోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు అత్తా అన్నాను. రెండుసార్లు అన్నాను. ఆమె వినిపించుకోలేదు. ఆ వారం శుక్రవారం గ్రైండరుకు బొట్టు పడలేదు, ఫ్రిజ్జుకు పడలేదు. మా ఆయన తన బండిని గుమ్మం ముందే రెండుసార్లు తిప్పి నిలబెట్టాడు. దానికీ పడలేదు. నేను గెలిచినట్టే లెక్క. నాకేమీ బాగాలేదు. బొట్టు లేని గ్రైండరును చూస్తే నాకే దిగులేసింది.

మొక్కు మాత్రం మొక్కే అంది. తిరుత్తణి మెట్లు ఎక్కాం. ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెట్టాలి. అత్త ప్రతి మెట్టు దగ్గరా వంగి, దగ్గరగా చూసి, చేత్తో తడిమి, బొక్కలేమన్నా ఉండాయా అని నన్ను అడిగి, లేవంటేనే పెట్టింది. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగింది. మా వెనక మొక్కువాళ్లు ఎంత దూరం నిలిచిపోయారో, మమ్మల్ని ఎంత తిట్టుకున్నారో ఆ స్వామికే తెలుసు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. నేను రాను అంది అత్త. నా చెయ్యి మంచిది కాదు, ఇంకెవరినన్నా పెట్టమను అంది. ఆ మాట పెద్ద ఇంజనీరుకు చెప్పాను. ఆయన ఆ సాయంత్రం మా ఆయన ఫోనుకు చేసి, అమ్మకు ఇవ్వు అన్నాడు. ఏం మాట్లాడాడో నాకు తెలియదు. అత్త ఫోను పెట్టేసి చందనం చెక్క వెతుక్కుంది.

హ్యాంగర్‌లో ఆ ఏడు విమానం రంధ్రాలన్నిటికీ మూతలు పెట్టి, మూతలకు ఎర్ర రిబ్బన్లు వేలాడదీశారు. విమానం ఒంటి మీద ఎవరూ బొట్టు పెట్టకూడదని రెండు భాషల్లో కాగితం అంటించారు. మా అత్త కోసం మూడో భాషలో నేను రాశాను. ఆమె దూరంగా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. పెద్ద ఇంజనీరు పళ్లెం తీసుకుని ఆమె దగ్గరికే పోయి, చక్రాలు దొర్లకుండా ముందు పెట్టే కొయ్య దిమ్మెలు చూపించి, వీటికి పెట్టండమ్మా అన్నాడు. వంగి, తడిమి చూసి పెట్టింది.

పెట్టాక అక్కడితో ఆగలేదు. పళ్లెం పట్టుకున్న ఆయన్ను వెంటబెట్టుకుని, బొరుగుల పొట్లాలు పంచుతున్న నా దగ్గరికి వచ్చింది. నా బోడి నుదుటి వైపు చూసింది. ఇది ఎండినా ముద్దగా రాలి పడదు గదా, మీ రూలుకు అడ్డం లేదు గదా అని ఆయన్ను తమిళంలో అడిగింది. లేదమ్మా అన్నాడు ఆయన.

అత్త బొటనవేలు చందనంలో ముంచింది. నా నుదుటి దాకా తెచ్చి ఆపింది.

"ఈడ బొక్కల్లేవు గదా మే?"

"లేవత్తా" అన్నాను.

అయినా ఒకసారి తడిమి చూసుకుని, అప్పుడు గట్టిగా అదిమింది.